లెక్కకు నిండుగా, దీవికి వెలితిగా

ఉపాధ్యాయ విధానం అనే మాటకు తెలుగు రాష్ట్రాల వాడుకలో స్థిరపడిన అర్థం చాలా ఇరుకైనది. డీఎస్సీ నోటిఫికేషన్ ఎప్పుడు వస్తుంది, అందులో ఎన్ని పోస్టులు ఉంటాయి, బదిలీల కౌన్సెలింగ్ వేసవి సెలవుల్లోపు ముగుస్తుందా లేదా అన్న మూడు ప్రశ్నలకు జవాబు దొరికితే విధానం ఉన్నట్టే భావించే అలవాటు పాలకుల్లోనూ, సంఘాల్లోనూ, పత్రికల్లోనూ ఒకే తీరున కనిపిస్తుంది. ప్రపంచ స్థాయిలో ఈ మాట పరిధి ఇంతకన్నా విశాలమైనది. ఉపాధ్యాయుల హోదాపై యునెస్కో, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి రూపొందించిన సిఫారసు 1966 అక్టోబరు 5న ఆమోదం పొందింది. నేడు ప్రపంచ ఉపాధ్యాయ దినోత్సవంగా జరుపుకుంటున్నది ఆ తేదీనే. 2015లో అంతర్జాతీయ ఉపాధ్యాయ కార్యదళం వెలువరించిన మార్గదర్శిక జాతీయ ఉపాధ్యాయ విధానానికి తొమ్మిది అంగాలుండాలని చెప్పింది. నియామకం, నిలుపుదల కలిసి మొదటి అంగం కాగా, శిక్షణ, నియోగం, వృత్తిలో ఎదుగుదల, పని పరిస్థితులు, జీతభత్యాలు, ప్రమాణాలు, జవాబుదారీతనం, బడి పాలన మిగిలినవి. వీటిలో నియోగం అంటే ఏ ఉపాధ్యాయుడు ఏ బడిలో, ఎంతకాలం పనిచేయాలో నిర్ణయించే ఏర్పాటు. ఆఫీసు భాషలో పోస్టింగ్. నేల మీద ఉన్న జిల్లాల్లో ఇది తొమ్మిదింటిలో ఒకటి మాత్రమే అయితే, అండమాన్ నికోబార్ దీవుల్లో మాత్రం మిగిలిన ఎనిమిదింటినీ మింగేసే అంగం ఇదే.

ఉత్తరాన ల్యాండ్‌ఫాల్ దీవి మొదలు దక్షిణాన గ్రేట్ నికోబార్ కొసన ఉన్న ఇందిరా పాయింట్ వరకు ఏడు వందల కిలోమీటర్లకు పైగా పరచుకున్న ఈ దీవుల మొత్తం విస్తీర్ణం 8,249 చదరపు కిలోమీటర్లు, 2011 జనగణన ప్రకారం జనాభా 3,80,581. చిన్నాపెద్దా దీవులూ రాతిగుట్టలూ కలిపి 836 అని అధికారిక లెక్క చెబుతున్నా, మనుషులు నివసించేవి ముప్పై చిల్లరే. 1956 నవంబరు 1న కేంద్రపాలిత ప్రాంతమైన నాటి నుంచి ఇప్పటిదాకా ఇక్కడ శాసనసభ లేదు. పార్లమెంటు చేసిన చట్టం, కేంద్రం రూపొందించిన సర్వీసు నిబంధనలు, లెఫ్టినెంట్ గవర్నర్ పేరిట వెలువడే ఉత్తర్వులు, వీటి మీదే విద్యాశాఖ నడుస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లోనో తెలంగాణలోనో జాతీయ విధానం ఒకటి వచ్చినప్పుడు దాన్ని వడపోసి, మార్చి, కొన్నిసార్లు పక్కనపెట్టే రాష్ట్ర ప్రభుత్వం మధ్యలో ఉంటుంది. ఇక్కడ ఆ జల్లెడ లేదు. అందువల్ల జాతీయ ఉపాధ్యాయ విధానం అసలు స్వభావం ఏమిటో, అది ఎక్కడ పనిచేస్తుందో, ఎక్కడ చేతులెత్తేస్తుందో చూడదలచినవారికి ఈ దీవులకన్నా నిఖార్సైన పరీక్షాస్థలం దేశంలో మరొకటి దొరకడం కష్టం.

నిష్పత్తి చెప్పని సంగతి

భారతదేశంలో ఉపాధ్యాయుల గురించి ఆలోచించిన సంఘాలకు కొదవ లేదు. 1964-66 నాటి కొఠారీ కమిషన్, 1983-85లో చట్టోపాధ్యాయ అధ్యక్షతన ఉపాధ్యాయుల కోసమే ఏర్పడిన జాతీయ కమిషన్, 2012లో నివేదిక ఇచ్చిన జస్టిస్ వర్మ కమిషన్, ఇవన్నీ ఎక్కువగా ఎవరు ఉపాధ్యాయులు కావచ్చు, వారికి ఏ శిక్షణ ఉండాలి అన్న ప్రశ్నల చుట్టూ తిరిగాయి. 1993 చట్టంతో ఏర్పడిన జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి, అంటే ఎన్‌సీటీఈ, పని కూడా ప్రధానంగా అదే. ఎవరు ఎక్కడ నిలబడాలన్న ప్రశ్నను తొలిసారి చట్టంలో అంకెగా మార్చింది 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం. దాని 25వ సెక్షన్, అనుబంధ షెడ్యూలు కలిసి ప్రాథమిక తరగతుల్లో ముప్పై మందికి ఒకరు, ప్రాథమికోన్నత తరగతుల్లో ముప్పై అయిదు మందికి ఒకరు చొప్పున ఉపాధ్యాయులు ఉండాలని నిర్దేశించాయి. పిల్లలు అరవై మందికి లోబడి ఎంత తక్కువ ఉన్నా ప్రాథమిక బడికి కనీసం ఇద్దరు టీచర్లు ఉండి తీరాలి. మంజూరైన పోస్టుల్లో పదోవంతుకు మించి ఖాళీలు ఉండకూడదని 26వ సెక్షన్ చెబుతుంది.

ఈ గీటురాయి మీద గీసి చూస్తే అండమాన్ నికోబార్‌కు మంచి మార్కులే వస్తాయి. ఉపాధ్యాయుడికి విద్యార్థుల సగటు దేశ సగటుకన్నా ఇక్కడ బాగా తక్కువ. చిక్కు ఆ సగటులోనే దాగి ఉంది. పన్నెండు మంది పిల్లలున్న ఒక దీవి బడిని ఊహిస్తే, చట్టం ప్రకారం అక్కడ ఇద్దరు టీచర్లు ఉండాలి కాబట్టి నిష్పత్తి ఆరుకు ఒకటి. ఇద్దరిలో ఒకరు వైద్యం కోసమో, శిక్షణ కోసమో, ఇంట్లో పెళ్లి కోసమో ఓడ ఎక్కితే మిగిలినవారు ఒక్కరే అయిదు తరగతులను ఒకే గదిలో కూర్చోబెట్టి, ఒకటో తరగతికి అక్షరాలు దిద్దిస్తూనే అయిదో తరగతికి భిన్నాలు చెప్పాలి. అప్పుడు కూడా నిష్పత్తి పన్నెండుకు ఒకటే; చట్టం కంటికి అది ఇంకా నిండు బడే. మిగిలిన ఆ ఒక్కరికీ జ్వరం వస్తే నిష్పత్తి అనే మాటకే అర్థం ఉండదు. పక్క ఊరి బడి నుంచి ఒకరిని రెండు రోజులు సర్దుబాటు చేద్దామంటే ఆ పక్క ఊరు సముద్రం అవతల ఉంటుంది. తిరుగు ఓడ ఏ రోజున ఉందో దాన్ని బట్టి మూడు రోజుల సెలవు ఎనిమిది రోజులవుతుంది, తుపాను హెచ్చరిక వస్తే పది. మే నెల నుంచి డిసెంబరు దాకా రెండు రుతుపవనాలూ ఈ దీవులను తడుపుతాయన్న సంగతి ఏ నిష్పత్తిలోనూ కనబడదు.

ఏకోపాధ్యాయ బడి అనే మాట తెలుగు పాఠకులకు కొత్త కాదు. బడుల వివరాలను ఏటా నమోదు చేసే యూడైస్ 2024-25 లెక్కల ప్రకారం దేశంలో ఉపాధ్యాయుల సంఖ్య తొలిసారి కోటి దాటగా, ఒకే టీచరుతో నడుస్తున్న బడుల సంఖ్య 1,04,125గా తేలింది; ఆ జాబితాలో అగ్రస్థానం 12,912 బడులతో ఆంధ్రప్రదేశ్‌దే. ఈ లెక్క రిజిస్టరులో ఒకే పేరున్న బడులను పట్టుకుంటుంది. రిజిస్టరులో రెండు పేర్లుండి, ఏడాదిలో సగం రోజులు ఒక్కరే కనిపించే బడిని పట్టుకునే లెక్క దేశంలో ఇంకా లేదు. దీవుల మేరకు చూస్తే పోస్టుల సంఖ్యకన్నా ముందుగా కొలవవలసింది ఫలానా దీవిలో ఫలానా నెలలో ఎన్ని రోజులు ఎందరు టీచర్లు ఒడ్డున ఉన్నారన్న విషయం. అది కొలవడం కష్టమేమీ కాదు. హాజరు పట్టీ, ఓడ టికెట్టు రెండూ ప్రభుత్వ శాఖల చేతుల్లోనే ఉన్నాయి.

ఉత్తర్వు నుంచి ఒడ్డు దాకా

ఒక పోస్టింగ్ ఉత్తర్వు కాగితం మీద ఒక వాక్యమే అయినా, దాని అమలు ఎన్ని మెట్లుగా సాగుతుందో దగ్గరగా చూస్తే తప్ప విధానపు బలహీనత అర్థం కాదు. 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లోని ఒక ప్రాథమికోపాధ్యాయుడిని గ్రేట్ నికోబార్‌లోని క్యాంప్‌బెల్ బేకు మార్చారనుకుంటే, ముందుగా అతని స్థానంలోకి వేరొకరు వస్తే తప్ప ప్రధానోపాధ్యాయుడు రిలీవ్ చేయడు. రిలీవ్ అయ్యాక ఓడలో సీటు దొరకాలి. కార్ నికోబార్, కమోర్టా వంటి రేవుల్లో ఆగుతూ వెళ్లే ఓడకు రెండు మూడు రోజులు పడుతుంది. దిగిన రోజున జాయినింగ్ రిపోర్టు ఇస్తేనే జీతం ఆ బడి లెక్కలోకి మారుతుంది. ఆ తర్వాత ఉండటానికి చోటు కావాలి. క్యాంప్‌బెల్ బేలో 1969 నుంచి మాజీ సైనికుల కుటుంబాలను స్థిరపరచడం వల్ల ఒక చిన్న ఊరంటూ ఉంది కాబట్టి కాస్త నయం. కార్ నికోబార్ వంటి గిరిజన రక్షిత ప్రాంతాల్లో 1956 నాటి ఆదివాసుల రక్షణ నిబంధన ప్రకారం బయటివారు అనుమతి లేకుండా అడుగుపెట్టడానికే లేదు, నేల కొనడానికి అసలే లేదు. ఆ రక్షణ న్యాయమైనదే, అవసరమైనదే. దాని పర్యవసానంగా టీచరుకు సర్కారీ క్వార్టర్సు లేకపోతే అద్దె ఇల్లు అనే రెండో దారి ఉండదు. ఇక్కడ ఇల్లు సంక్షేమ పథకం కిందికి రాదు, బ్లాక్‌బోర్డులాగే బోధనా సామగ్రి కిందికి వస్తుంది. 2020 జాతీయ విద్యావిధానం గ్రామీణ బడుల దగ్గర ఉపాధ్యాయులకు ఇళ్లు కట్టాలని చెప్పింది గాని, ఆ ఖర్చు ఏ పద్దు నుంచి రావాలో చెప్పలేదు.

జీతం సంగతి చూస్తే కేంద్రం చేతిలో ఉన్న ప్రధాన సాధనం ద్వీప ప్రత్యేక విధి భత్యం. మారుమూలతనానికి పరిహారంగా మూలవేతనంపై శాతం లెక్కన ఇచ్చే ఈ మొత్తానికి ఏడో వేతన సంఘం తర్వాత మూడు మెట్లు ఉన్నాయి. పోర్ట్ బ్లెయిర్ పరిసరాలకు 10 శాతం, దక్షిణ అండమాన్‌లోని మిగతా భాగానికీ ఉత్తర, మధ్య అండమాన్‌కూ 16 శాతం, లిటిల్ అండమాన్‌కూ నికోబార్ దీవులకూ 20 శాతం. స్థానిక వాడుకలో పీఎస్‌టీ అని పిలిచే ప్రాథమికోపాధ్యాయుడి తొలి మూలవేతనం 35,400 రూపాయలు. ఈ భత్యం వర్తించే ఉద్యోగికి రాజధానిలో 3,540, క్యాంప్‌బెల్ బేలో 7,080 వస్తుంది. అంటే పిల్లల కాలేజీ చదువు, తల్లిదండ్రుల వైద్యం, వారానికోసారి వచ్చే కూరగాయలు, వీటన్నిటినీ వదులుకుని మూడు రోజుల ఓడ ప్రయాణం దూరాన బతకడానికి విధానం కట్టిన ధర నెలకు మరో 3,540 రూపాయలు. ఈ మూడు మెట్లలో ఇంకో తిరకాసు ఉంది. అండమాన్ ట్రంక్ రోడ్డు మీద బస్సు దొరికే రంగత్ పట్టణమూ, పడవ మీద తప్ప చేరలేని లాంగ్ ఐలాండూ ఒకే 16 శాతం గాటన కట్టబడ్డాయి. అవకాశం ఉన్న టీచరు ఈ రెండింటిలో దేన్ని కోరుకుంటాడో చెప్పడానికి జ్యోతిష్యం అక్కర్లేదు.

దీవులున్న ఇతర దేశాలు ఈ లెక్కను ఇంతకన్నా సన్నగా కట్టాయి. జపాన్ 1954లోనే మారుమూల ప్రాంతాల విద్యాభివృద్ధికి ప్రత్యేక చట్టం చేసి, బడికీ రైల్వేస్టేషనుకూ ఆసుపత్రికీ తపాలా కార్యాలయానికీ ఉన్న దూరాలను బట్టి ప్రతి బడికీ ఒక మారుమూల శ్రేణి ఇచ్చి, దాని ప్రకారం జీతంలో నాలుగోవంతు దాకా భత్యం ఇచ్చే ఏర్పాటు చేసింది. ఉపాధ్యాయుల నివాసాల బాధ్యతను కూడా స్థానిక ప్రభుత్వాల మీద పెట్టింది. శ్రేణి జిల్లాకు కాదు, బడికి దక్కుతుందన్నదే అందులోని కీలకం. దక్షిణ కొరియా 1967లో దీవులకూ మారుమూల ప్రాంతాలకూ ఉద్దేశించిన చట్టం తెచ్చి, అక్కడ పనిచేసిన సంవత్సరాలకు పదోన్నతిలో అదనపు పాయింట్లు జోడించింది. ప్రధానోపాధ్యాయులు కావాలన్న కోరిక ఉన్న టీచరు తానుగా దీవికి వెళ్లడానికి దరఖాస్తు చేసుకుంటాడు. ఆంధ్రప్రదేశ్ బదిలీల్లో ఊళ్లను కేటగిరీలుగా విడగొట్టి, మారుమూల కేటగిరీలో పనిచేసినవారికి ఎక్కువ పాయింట్లు ఇచ్చే పద్ధతి ఈ కోవలోనిదే అయినా, అక్కడ ఆ పాయింట్లు మంచి ఊరికి తిరిగి రావడానికే పనికొస్తాయి. పదోన్నతి కోసం వెళ్లడానికీ, బయటపడటం కోసం వెళ్లడానికీ బడిలో కనిపించే తేడా చిన్నది కాదు.

అయిదు మాధ్యమాలు, ఇరవై రకాల ఖాళీలు

ఈ దీవుల్లో ఉపాధ్యాయ నిర్వహణను దేశంలోని ఏ జిల్లాతోనూ పోల్చలేనిదిగా చేసింది దూరం ఒక్కటే అయితే కథ సులువుగానే ఉండేది. దూరంతో పాటు భాష కూడా చేరింది. దేశ విభజన తర్వాత తూర్పు పాకిస్తాన్ నుంచి తరలివచ్చిన బెంగాలీ కుటుంబాలు, శ్రీలంక నుంచి తిరిగొచ్చి కచ్చల్ రబ్బరు తోటల్లో పనికి కుదిరిన తమిళులు, ఛోటానాగ్‌పూర్ నుంచి వచ్చిన అడవి కూలీలు, బర్మా నుంచి వచ్చిన కరెన్లు, వీరందరితో పాటు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం తీరాల నుంచి 1950ల తర్వాత వలసవచ్చి జంగ్లీఘాట్ వంటి చోట్ల చేపల వేటతో స్థిరపడిన తెలుగువారు. 2011 జనగణనలో తెలుగును మాతృభాషగా చెప్పినవారు 13 శాతానికి పైగా ఉండి, బెంగాలీ, హిందీ, తమిళాల తర్వాత నాలుగో స్థానంలో నిలిచారు. ఈ చరిత్ర కారణంగా ప్రభుత్వ బడుల్లో హిందీ, ఇంగ్లిషు, బెంగాలీ, తమిళం, తెలుగు మాధ్యమాలు అయిదూ నడుస్తూ వచ్చాయి. విశాఖ రేవు నుంచి ఓడలో రెండున్నర రోజులు ప్రయాణించాక తెలుగులో పాఠం వినిపించే బడి ఒకటి ఉండటం భాషాభిమానికి ఉప్పొంగదగిన విషయం. పోస్టుల రిజిస్టరు చూసే గుమాస్తాకు మాత్రం తలనొప్పి.

ఆ తలనొప్పి ఎలాంటిదో లెక్క వేసి చూడవచ్చు. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమికోన్నత దశలో కనీసం మూడు రకాల టీచర్లు ఉండాలి: గణితం, విజ్ఞానశాస్త్రం కలిపి ఒకరు, సాంఘికశాస్త్రానికి ఒకరు, భాషలకు ఒకరు. ఇక్కడ జీటీటీ అని పిలిచే పట్టభద్ర ఉపాధ్యాయుల కేడర్ ఈ దశనూ, ఉన్నత తరగతులనూ చూస్తుంది. అయిదు మాధ్యమాలకు మూడేసి చొప్పున పదిహేను రకాలు, ప్రాథమిక దశకు మాధ్యమానికొకటి చొప్పున మరో అయిదు, వెరసి ఇరవై రకాలు. తొమ్మిదో తరగతి, ఆ పైన ఉన్న సబ్జెక్టులు ఈ లెక్కలోకి ఇంకా రాలేదు. ఈ ఇరవై రకాలను పట్టికలో ఇరవై గడులుగా చూస్తే, ఒక గడిలో మిగులు, మరో గడిలో కొరత ఏకకాలంలో ఉండవచ్చు. బెంగాలీ మాధ్యమ గణితోపాధ్యాయుడు ఎంత సమర్థుడైనా తెలుగు మాధ్యమ ఏడో తరగతికి క్షేత్రమితి చెప్పలేడు. ఆంధ్రలో రేషనలైజేషన్ పేరిట మిగులు టీచర్లను కొరత బడులకు సర్దే కసరత్తు ఎంత గొడవైనా, వారందరూ ఒకే భాషలో పాఠం చెబుతారన్న హామీ మీద నడుస్తుంది. ఆ హామీ లేని చోట మిగులు, కొరత ఒకదాన్నొకటి రద్దు చేసుకోవు. రెండూ పక్కపక్కనే ఉండి, సగటులో మాత్రం కలిసిపోయి ఏ సమస్యా లేనట్టు కనిపిస్తాయి.

తెలుగు గడి చిన్నది కాబట్టి అందులో ఒక్క పదవీ విరమణ కూడా పెద్ద కుదుపు. కొత్త నియామకానికి నిబంధనల ప్రకారం ప్రకటన, పరీక్ష, ధ్రువపత్రాల పరిశీలన పూర్తయ్యేలోగా ఒకటి రెండు విద్యా సంవత్సరాలు దొర్లిపోతే, ఆ మధ్యకాలంలో తల్లిదండ్రులు పిల్లలను ఇంగ్లిషు మాధ్యమంలోకి మార్చేస్తారు. ఆంధ్రప్రదేశ్‌లోనే 2019లో ప్రభుత్వ బడులన్నిటినీ ఇంగ్లిషు మాధ్యమం చేయాలన్న ఉత్తర్వులు వెలువడి, మరుసటి ఏడాది ఏప్రిల్‌లో హైకోర్టు వాటిని కొట్టివేసిన కాలంలో, సముద్రం అవతలి తల్లిదండ్రులు అలా ఆలోచించడంలో వింతేమీ లేదు. పిల్లలు తగ్గితే పోస్టు అవసరం లేదన్న వాదనకు ఆధారం దొరుకుతుంది. రెండు మూడేళ్లు ఖాళీగా పడి ఉన్న పోస్టును రద్దయినట్టే భావించడం కేంద్ర ఆర్థికశాఖ వ్యయ విభాగం పాటించే నియమం. దాన్ని తిరిగి బతికించాలంటే ఫైలు ఢిల్లీకి వెళ్లి రావాలి. దుబారాను అరికట్టడానికి పుట్టిన ఈ నియమం గుమాస్తా పోస్టుకు సరిపోవచ్చు. చిన్న భాషా కేడర్ విషయంలో మాత్రం భర్తీలో ఆలస్యమే పోస్టు రద్దుకు కారణంగా మారుతుంది, ఆ ఆలస్యానికి ఎవరి సంతకమూ ఉండదు.

తెలుగు మాధ్యమ టీచరు చేతికి అందే సరంజామా కూడా పరిమితమే. దీవుల బడులు సీబీఎస్ఈకి అనుబంధమైనవి. ఎన్‌సీఈఆర్‌టీ పాఠ్యపుస్తకాలు ప్రధానంగా హిందీ, ఇంగ్లిషు, ఉర్దూల్లో వెలువడతాయి. భారతీయ భాషలను ఐచ్ఛిక బోధనా మాధ్యమంగా వాడుకోవచ్చని సీబీఎస్ఈ తన బడులకు సర్క్యులర్ పంపింది 2023 జులైలో. అప్పటికి ఆ దీవుల్లో తెలుగు పాఠాలు మొదలై దశాబ్దాలు గడిచాయి.

స్థానికుడే టీచరైతే

బయటినుంచి వచ్చినవారు ఓడ ఎక్కి వెళ్లిపోతారు కాబట్టి స్థానికులనే తయారుచేసుకోవాలన్న వాదన ఈ దీవుల్లో నూరేళ్లకు పైబడినది. 19వ శతాబ్ది చివరలో వేదప్పన్ సాలమన్ అనే తమిళ క్రైస్తవ ఉపదేశకుడు కార్ నికోబార్‌లోని మూస్ గ్రామంలో బడి తెరిచాడు. ఆయన దగ్గర చదువుకున్న నికోబారీ పిల్లల్లో ఒకడైన జాన్ రిచర్డ్‌సన్ బర్మాలోని మాండలేకు వెళ్లి చదువుకుని, తిరిగొచ్చి సొంత దీవిలో ఉపాధ్యాయుడయ్యాడు. నికోబారీ భాషను రోమన్ లిపిలో రాసే పద్ధతిని స్థిరపరచి, కొత్త నిబంధనను ఆ భాషలోకి అనువదించి, తర్వాత బిషప్ అయి, 1952లో తొలి లోక్‌సభకు ఈ దీవుల తరఫున నామినేట్ అయ్యాడు. ఒక స్థానిక టీచరు మీద పెట్టిన పెట్టుబడి ఒక జాతి అక్షరాస్యతకు పునాది అయిన ఉదాహరణగా దీన్ని ఏ విధాన పత్రమైనా ఎత్తిచూపవచ్చు. విచిత్రంగా ఏదీ చూపదు.

స్థానికత వాదానికి తెలుగు నేల మీద తగిలిన ఎదురుదెబ్బ కూడా ఇక్కడ ప్రస్తావించదగినదే. 2000 జనవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 3 ద్వారా షెడ్యూల్డు ప్రాంతాల్లోని టీచరు పోస్టులన్నిటినీ స్థానిక గిరిజనులకే కేటాయించింది. మైదానం నుంచి వచ్చిన టీచర్లు ఏజెన్సీ బడుల్లో నిలవడం లేదన్నది దాని వెనకున్న ప్రధాన కారణాల్లో ఒకటి. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం నూటికి నూరు శాతం కేటాయింపు చెల్లదని ఆ ఉత్తర్వును కొట్టివేసింది. గైర్హాజరు అనే పాలనా రోగానికి రిజర్వేషన్ అనే రాజ్యాంగ మందు వేస్తే వచ్చే చిక్కు అదే. అదే ఏడాది జులైలో వచ్చిన జాతీయ విద్యావిధానం మరో దారి సూచించింది: స్థానిక భాష తెలిసిన ప్రతిభావంతులైన గ్రామీణ విద్యార్థులకు నాలుగేళ్ల సమీకృత బీఈడీ చదవడానికి స్కాలర్‌షిప్ ఇచ్చి, చదువు పూర్తికాగానే సొంత ప్రాంతంలో ఉద్యోగం ఖాయం చేయడం. దీవుల్లో బీఈడీకి టాగోర్ ప్రభుత్వ విద్యా కళాశాల, ప్రాథమికోపాధ్యాయ శిక్షణకు గారాచర్మలోని డైట్ ఉన్నాయి. రెండూ పోర్ట్ బ్లెయిర్ పరిసరాల్లోనే ఉండటం వల్ల నికోబార్ దీవుల్లోని నాన్‌కౌరి అమ్మాయి టీచరు కావాలంటే ముందు రాజధానిలో హాస్టలు సీటు సంపాదించాలి. విధానం సఫలం కావడం, కాకపోవడం ఆ హాస్టలు గది దగ్గరే తేలిపోతుంది.

ఉద్యోగంలో ఉన్నవారి శిక్షణకూ ఇదే భూగోళం అడ్డు. ప్రతి టీచరుకూ ఏటా యాభై గంటల వృత్తి వికాస శిక్షణ ఉండాలని 2020 విధానం చెబుతుంది. యాభై గంటలంటే పని దినాల్లో ఎనిమిది తొమ్మిది రోజులు. క్యాంప్‌బెల్ బే నుంచి గారాచర్మకు వచ్చిపోయే ఓడ రోజులు కలుపుకుంటే బడికి మూడు వారాలు గండిపడుతుంది. 2020 ఆగస్టు 10న ప్రారంభమైన చెన్నై-అండమాన్ సముద్రగర్భ కేబుల్ 2,300 కిలోమీటర్ల మేర పరుచుకుని పోర్ట్ బ్లెయిర్‌తో పాటు లిటిల్ అండమాన్, కార్ నికోబార్, కమోర్టా, గ్రేట్ నికోబార్, రంగత్, లాంగ్ ఐలాండ్, స్వరాజ్ ద్వీప్‌లను కలిపాక దీక్షా అనే ఆన్‌లైన్ వేదిక ద్వారా శిక్షణ ఇంటి దగ్గరే అందే వీలు కలిగింది. అయితే తెర మీద అందే పాఠాలు తరగతికొక టీచరు ఉన్న బడిని మనసులో ఉంచుకుని తయారైనవే ఎక్కువ. అయిదు తరగతులను ఒక్కరే నడిపే విద్య వేరు. చిత్తూరు సీమలోని రిషి వ్యాలీ విద్యాసంస్థ చుట్టుపక్కల పల్లెల్లోని చిన్న బడుల కోసం పాఠాలను చిన్న చిన్న మెట్లుగా విడదీసి, మెట్టుకొక కార్డు చొప్పున ఒక పెట్టెలో అమర్చి, ఏ పిల్లవాడు ఏ మెట్టు మీద ఉంటే అక్కడి కార్డు తానే తీసుకుని చదువుకునే పద్ధతి రూపొందించింది. తమిళనాడు ప్రభుత్వ బడుల్లో కార్యాచరణ ఆధారిత బోధనకు స్ఫూర్తి అక్కడిదే. దీవి బడికి కావలసిన శిక్షణ ఏదైనా ఉందంటే ఆ పెట్టెలో ఉంది, అదీ తెలుగువారి పెరట్లోనే పుట్టింది.

ఈ పరిస్థితుల మధ్య 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు దీవుల బడులకూ చేరింది. ఒకటి నుంచి ఎనిమిది తరగతులు బోధించే టీచర్లలో పదవీ విరమణకు అయిదేళ్లకు మించి గడువున్నవారంతా, విద్యాహక్కు చట్టానికి ముందే ఉద్యోగంలో చేరినవారైనా, రెండేళ్లలోగా ఉపాధ్యాయ అర్హత పరీక్ష, అంటే టెట్, ఉత్తీర్ణులు కావాలని, లేకపోతే ఉద్యోగం వదలాలని ఆ తీర్పు సారాంశం. అయిదేళ్లలోపు గడువున్నవారు కొనసాగవచ్చు గాని పదోన్నతికి అనర్హులు. తీర్పు ప్రకారం గడువు 2027 సెప్టెంబరు 1తో ముగుస్తుంది. ఆ ఏడాది మొదట్లోనే జనగణన, దానికి ఎన్యూమరేటర్లుగా ఎక్కువగా ఈ టీచర్లే. రాష్ట్రాలకు సొంత టెట్లున్నాయి, తెలుగు రాష్ట్రాల టీచరు తెలుగులోనే ఆ పరీక్ష రాసుకోవచ్చు. శాసనసభ లేని అండమాన్ నికోబార్‌కు వర్తించేది కేంద్రం నిర్వహించే సీటెట్. అందులో శిశు వికాసం, గణితం, పర్యావరణ అధ్యయనం ప్రశ్నలు హిందీ, ఇంగ్లిషుల్లో ఉంటాయి, భాషా విభాగంలో మాత్రం ఇరవై భాషల్లో ఒకటిగా తెలుగును ఎంచుకోవచ్చు. పాతికేళ్లుగా తెలుగులోనే గణితం, పరిసరాల విజ్ఞానం బోధిస్తున్న జంగ్లీఘాట్ టీచరు ఆ పరీక్షకు కూర్చుంటే, 150 మార్కుల్లో తెలుగుకు దక్కేవి 30.